నియమమునకును వయస్సు కలదు

తమిళనాడులోని రాజపాళయము పట్టణమున కానుకొని సంజీవి కొండ యొకటి కలదు. లక్ష్మణుని మూర్ఛ దీర్చుటకై హనుమంతుడు ఆకాశమార్గమున కొనిపోవుచుండిన పర్వతమునుండి రాలిపడిన తునకయే యది యని ఆ యూరివారు తరతరములుగా చెప్పుకొందురు. విజయనగరపు నాళ్లలో ఆంధ్రదేశమును వీడి వచ్చి, పడమటి కనుమల పాదమున స్థిరపడిన రాజుల కుటుంబములలో నేటికిని ఇంటి మాట తెలుగే. ఆ యిండ్ల పిల్లలలో ఈ కథ వినని వారుండరు. ఒక్క మూలిక, ఒక్క రాత్రి, తెల్లవారుసరికి లేచి కూర్చున్న వీరుడు: అది కథ. మధుమేహమునకును రక్తపుపోటునకును అట్టి రాత్రి లేదు. 1922 జనవరిలో టొరంటో నగరమున లియొనార్డ్ థాంప్సన్ అను పదునాలుగేండ్ల బాలునకు తొలిసారి ఇన్సులిన్ సూది వేసిన పిమ్మట, చావు ముంగిటనున్న పిల్లలు అనేకులు లేచి తిరుగుటను చూచి, సంజీవి దొరికినదనియే లోకము సంతసించెను. సంతసించుట న్యాయమే, కాని ఆ మందు మఱునాడును కావలెను, ఆ మఱునాడును కావలెను, బ్రదికినంత కాలమును కావలెను. భారత వైద్య పరిశోధన మండలి వారి సర్వే 2023లో ప్రకటించిన లెక్క ననుసరించి మన దేశమున మధుమేహులు పది కోట్లకు పైబడియున్నారు; రక్తపుపోటు గలవారు ముప్పదియొక్క కోట్లకు మించియున్నారు. ఇందఱి చికిత్సయు ప్రధానముగా ఆసుపత్రిలో జరుగుట లేదు. వంటయింటిలో, మిల్లు షిఫ్టులో, గుడి ప్రాకారములో, పండుగనాటి పంక్తిలో జరుగుచున్నది.

ఈ సంగతిని గూర్చి ఆ యూరి యొక యింటి వసారాలో మేనమామకును మేనకోడలికిని నడచిన వాదమును వినుట నాకు తటస్థించెను. మామ నూలుమిల్లులో స్పిన్నింగు మాస్టరుగా పనిచేసి విశ్రమించినవారు, డెబ్బది దాటినవారు, ఇరువది యేండ్లకు పైగా రెండు వ్యాధులను మోయుచున్నవారు. కోడలు సమీప గ్రామమున ప్రభుత్వారోగ్య కేంద్రములో నర్సు. సామాన్యముగా ఇట్టి వాదములలో రోగి సడలింపును కోరును, నర్సు కట్టుదిట్టమును కోరును. ఇచ్చట అది తలక్రిందులయ్యెను. ఇరువురి మాటలును వినదగినవని తోచి జ్ఞాపకమున్నంత వఱకు పొందుపఱచుచున్నాను.

మేనమామ : అమ్మాయీ, నా పుస్తకము చూచి మొగము చిట్లించితివేమి? ఇందులో దాపఱికమేమియు లేదు. పరగడుపు షుగరు, టిఫినైన రెండు గంటలకు షుగరు, సాయంకాలపు పోటు, తిన్న యిడ్డెనుల లెక్క, నడచిన దూరము, అన్నియు ఏ నాటికి ఆ నాడు వ్రాసియుంచితిని. మా నాయనగారికి ఈ జబ్బున్నదని చూపు పోయిన పిమ్మట గాని తెలియలేదు. నాకు తెలిసిన నాడే నిశ్చయించుకొంటిని, ఈ శరీరము చెప్పు మాటను నమ్మనని. "నాకు బాగుగనే యున్నది" అనుమాట మా నాయనగారు కడపటి వఱకు పలికిరి.

మేనకోడలు : చిట్లించినది పుస్తకమును చూచి కాదు, మామయ్యా, అందులోని అంకెలను చూచి. పరగడుపున 74, 69, 81. ఇరువది యేండ్ల వయస్సు వానికి ఇవి మంచి అంకెలు కావచ్చును. మీ వయస్సున, మీరు మ్రింగు మాత్రలతో, ఇవి నాకు భయము గొలుపుచున్నవి.

మేనమామ : షుగరు హెచ్చినచో భయము, తగ్గినచో భయము, మఱి మీకు సంతోషమెప్పుడు? నేను చదువని వాడను కాను. 1993లో అమెరికాలోను, 1998లో ఇంగ్లండులోను ముగిసిన రెండు మహాపరిశోధనల సంగతి పత్రికలలో చదివి కత్తిరించి దాచుకొంటిని. ఇంగ్లండు వారి పరిశోధన నా వంటి రోగులను గూర్చినదే. షుగరును బిగించి పట్టిన వారికి కన్నులు, మూత్రపిండములు మొదలగు వానికి కలుగు చేటు నాలుగవ వంతు తగ్గెను. పోటును బిగించి పట్టిన వారికి పక్షవాతము నూటికి నలువదినాలుగు వంతులు తగ్గెను. ఇంతకంటె సాక్ష్యమేమి కావలెను?

మేనకోడలు : ఆ సాక్ష్యమును నేను కాదనను. అందులో చేరినవారు వ్యాధి క్రొత్తగా కనబడినవారు, నడివయస్సు వారు. మీరును ఆనాడు అట్టివారే. ఆనాడు మీరు పట్టిన పట్టు వలననే ఈనాడు దినపత్రిక చదువగలుగుచున్నారు. ఇంగ్లండు వారే పదేండ్ల తరువాత మఱల చూడగా, తొలినాళ్ల బిగువు చేసిన మేలు, బిగువు సడలిన తరువాతను నిలిచియున్నదని 2008లో తేలెను. కాని అదే 2008 ఫిబ్రవరిలో అమెరికా, కెనడా దేశములలో మఱియొక పరిశోధనను నడుమ నాపవలసి వచ్చినది. ఆ కత్తిరింపు మీ యొద్ద లేదు. పది వేల మందికి పైగా పెద్ద వయస్సు వారు, ఏండ్ల తరబడి వ్యాధి గలవారు, గుండె జబ్బు భయము గలవారు అందు చేరిరి. సగము మందికి మూడు నెలల షుగరు సగటు, అనగా హెచ్‌బీఏ1సీ, నూటికి ఆఱుకు లోపల నుండవలెనని మందులు దట్టించిరి. ఆ సగములోనే చావులు ఎక్కువయ్యెను: ఇచ్చట 257, అచ్చట 203. వ్యాధి అదియే, బిగించి పట్టుటయు అదియే. మనిషి వయస్సు మాఱినది. నలువది యెనిమిదేండ్ల వయస్సున మీరు వ్రాసికొన్న నియమమును డెబ్బది దాటిన మీ మీద అట్లే నడపుచున్నారు. నియమము మీతో పాటు పెద్దదికాలేదు.

ఇచ్చట మామ కొంతసేపు మాటాడక పుస్తకపు పుటలు త్రిప్పుచుండిరి. తనకు తెలియని లెక్క నొకదానిని ఎదుటివారు తెచ్చినపుడు దానిని త్రోసివేయక ఆలోచించుట వారి గుణమని నాకు ముందే తెలియును.

మేనమామ : సరే, పెద్దవారికి సగటు ఎంత యుండవచ్చునందువు?

మేనకోడలు : ఆరోగ్యముగ తిరుగు వృద్ధునకు ఏడు, ఏడున్నర, ఇతర వ్యాధులతో క్రుంగినవానికి ఎనిమిది వఱకును వైద్యులు ఒప్పుకొందురు. మీది ఆఱుం బావు. మీ సంగతి మీ డాక్టరు తేల్చవలెను. నేను చెప్పునది, ఆయనను అడుగుడని.

మేనమామ : ఇదిగో, ఇచ్చటనే నాకు నచ్చదు. అడుగుట, సడలించుట, మఱల అడుగుట! ఒకసారి సడలించిన వాడు ఎచ్చట ఆగును? 2003లో ప్రపంచారోగ్య సంస్థ వారు వ్రాయలేదా, ధనిక దేశములలో సయితము దీర్ఘవ్యాధులు గలవారిలో ఇంచుమించు సగము మందియే మందులు చెప్పినట్లు వాడుచున్నారని? అది సోమరితనము గాక మఱేమి? ఇంటి ముంగిటికి మందు వచ్చినను మ్రింగరు.

మేనకోడలు : సగము మంది సోమరులైనచో లోకములో పనులెట్లు జరుగుచున్నవి మామయ్యా? ఆ సగము మందిని నేను చూచుచున్నాను. మా కేంద్రమునకు మిల్లు కార్మికుడొకడు వచ్చును. రాత్రి పది గంటలకు పోయి ఉదయము ఆఱు గంటలకు ఇల్లు చేరును. అతని చీటీ మీద "ఉదయము టిఫినుకు ముందు" అని వ్రాసియున్నది. అతడు బుద్ధిమంతుడు, వ్రాసినట్లు మాత్ర మ్రింగి, అలసి, టిఫిను తినకయే పడుకొనెను. పది గంటలకు భార్య లేపబోగా ఒడలంతయు చెమట, మాట తడబాటు. తరువాత అతడు మాత్రలే మానివేసెను. లెక్కలో అతడు మందు వాడని సగములో చేరెను. రాత్రి నిద్రించి పగలు పనిచేయు వాని కొఱకు వ్రాసిన చీటీ అది. మూడు షిఫ్టుల యూరిలో మాత్రను ప్రొద్దునకు గాక భోజనమునకు ముడివేయవలెను. అతనిని నేనడిగినది ఒక్కటే, "ఇంటికి వచ్చి మొదట తినునది ఎప్పుడు?" అని. డాక్టరుగారు చీటీని మార్చి వ్రాసిరి. ఇప్పుడతడు మానుట లేదు.

మేనమామ : అతడు తినక పడుకొనెను. తప్పు చీటీది కాదు.

మేనకోడలు : ధనుర్మాసపు ఏకాదశినాడు మీరేమి చేసితిరి?

ఈ ప్రశ్నకు మామ మొగము త్రిప్పుకొనిరి. లోపల గిన్నెల చప్పుడు ఒక క్షణమాగెను. అత్తగారును వినుచున్నారని తెలిసినది.

మేనకోడలు : ఉపవాసముంటిరి. ఎనిమిది గంటలకు మాత్ర వేసికొనవలెనని నియమము గనుక వేసికొంటిరి. గ్లిమెపిరైడ్ మెట్‌ఫార్మిన్ వంటిది కాదు. కడుపులో నేమున్నదో చూడక క్లోమమును తరిమి ఇన్సులిన్ వెడలించును. మధ్యాహ్నము అత్తయ్యను చూచి, "ఎవరమ్మా నీవు?" అని అడిగితిరట. ఆమె మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి త్రాగించి, పావుగంట కనిపెట్టి, మఱల పరీక్షించి, తరువాత అన్నము పెట్టినది గనుక సరిపోయినది. మీకింకను స్పృహ యున్నది గనుక త్రాగించగలిగెను. స్పృహ తప్పినచో నోట ఏదియు పోయరాదు, ఆసుపత్రికి పరుగెత్తవలసినదే. ఆ నాటి పుటలో మీరేమి వ్రాసితిరో చూచితిని. "షుగరు 48. నియమము తప్పలేదు."

మేనమామ : వ్రాసిన మాట నిజమే.

మేనకోడలు : మీరు జీవితమంతయు నూలుతో గడపినవారు. పురి చాలని నూలు పోగులు విడిపోయి తెగును. పురి పెంచినకొలది బలము హెచ్చును. కాని ఒక హద్దు దాటిన పిమ్మట పెంచిన ప్రతి చుట్టును బలమును తగ్గించును, నూలు మెలికలు పడి పెళుసెక్కి తెగును. ఏ నూలుకు ఏ పురి యని మీరు మిల్లులో పరీక్షించి నిర్ణయించెడివారు గదా. ప్రత్తి మాఱినపుడు పురి మార్చెడివారా, లేదా?

మేనమామ : (చాలసేపటికి) మార్చెడివారము. మార్చనిచో షెడ్డంతయు తెగిన దారములే.

ఇంతతో వాదము ముగిసినదని నేననుకొంటిని. ముగియలేదు, నిజమునకు దానిలోని సారవంతమైన భాగము ఇచ్చటినుండియే మొదలయ్యెను, ఏలయన మామ ఓడినవారి వలె గాక మేలుకొన్న వారి వలె మాటాడసాగిరి.

మేనమామ : నీవు చెప్పినది ఒప్పుకొందును, ఏకాదశికి మాత్రను గూర్చి డాక్టరును ముందే అడిగెదను. కాని నా మూలసూత్రమును నీవు కదల్పలేదు. శరీరము చెప్పు మాట నమ్మదగినది కాదు. వేలూరు ఆసుపత్రికి 1946లో వచ్చిన పాల్ బ్రాండ్ అను శస్త్రవైద్యుడు దీనిని లోకమునకు చూపెను. కుష్ఠరోగుల వ్రేళ్లు రోగము చేత వాటంతట అవి కుళ్లి రాలునని అందఱును అనుకొనుచుండగా, అది కాదు, స్పర్శ పోయినందున దెబ్బ తగిలినను కాలినను తెలియక వారే పోగొట్టుకొనుచున్నారని ఆయన కనుగొనెను. 1966లో అమెరికాకు, లూసియానాలోని కార్విల్ ఆసుపత్రికి పోయిన పిమ్మట మధుమేహుల పాదములకును అదియే సూత్రమని చూపెను. నొప్పి తెలియని పాదమే పుండు పడును. ఈ ప్రక్క ఛత్రపట్టిలో మగ్గములు పగలనక రాత్రియనక నేయుచున్న బ్యాండేజి గుడ్డ నా కాలికి చుట్టవలసిన దినము రాకూడదనియే నేను బిగించి పట్టితిని.

మేనకోడలు : ఈ మాటకు నేను చేతులెత్తి మ్రొక్కుచున్నాను. ఇచ్చట సడలింపు లేదు. వయస్సు పెరిగినకొలది బిగువే పెరుగవలెను. అయితే ఈ పుస్తకములో మీ పాదములను గూర్చి ఒక్క పంక్తి చూపుడు.

మామ పుటలు త్రిప్పిరి. లేదు. అప్పుడు ఆమె సంచిలోనుండి చిన్న పిడికి అమర్చిన నైలాను తీగ నొకదానిని తీసినది. చీపురుపుల్ల కంటె సన్ననిది. చర్మము మీద ఆనించి నొక్కగా సరిగా పది గ్రాముల ఒత్తిడికి వంగునట్లు చేసినది. మామను కన్నులు మూసికొని, తగిలినపుడెల్ల "ఊఁ" అనుడని చెప్పి, మోకాళ్ల మీద కూర్చొని పాదమును చేతిలోనికి తీసికొనెను. మడమ ప్రక్కన తాకించినది, "ఊఁ" అనిరి. చిటికెనవ్రేలి క్రింద, "ఊఁ". బొటనవ్రేలి మొదట, బరువంతయు మోపు దిమ్మ మీద తీగ వంగినది, తీసినది, మఱల వంగినది. మామ కన్నులు మూసికొని, తరువాతి స్పర్శ కొఱకు వేచియుండిరి. రెండవ కాలికిని అట్లే జరిగెను.

మేనమామ : ఆపితివేమి?

మేనకోడలు : ఆపలేదు మామయ్యా. బొటనవ్రేలి క్రింద మూడుసార్లు నొక్కితిని.

మేనమామ : నాకు తెలియలేదు.

మేనకోడలు : ఈ పాదములతోనే మీరు ప్రతి శనివారము శ్రీవిల్లిపుత్తూరు పోయి, మధ్యాహ్నపు ఎండలో, కాలిన పెనము వంటి ప్రాకారపు రాళ్ల మీద ప్రదక్షిణములు చేయుచున్నారు. మా కేంద్రమునకు అట్టి బొబ్బలతో వచ్చినవారున్నారు. బొబ్బ చిట్లి చీము పట్టిన తరువాత, దుర్వాసనకు ఇంటివారు ముక్కు మూసికొన్న తరువాత గాని వారికి తెలియలేదు. తిన్న యిడ్డెనులను లెక్కించు మీరు అరికాలిని ఒక్కనాడును చూచుకొనలేదు. అంకె గల దానినంతయు కొలిచితిరి. అంకె లేనిదానిని విడిచితిరి.

మేనమామ : దేవుని సన్నిధికి చెప్పులతో పోలేను. అది మాత్రము నన్నడుగకుము. ఆండాళ్ తల్లి ముందు నాకు వయస్సు లేదు, వ్యాధి లేదు.

మేనకోడలు : చెప్పులతో పొమ్మని నేననను. మధ్యాహ్నము పోవలదందును. తెల్లవారుజామున తలుపులు తీయువేళకు రాయి చల్లగా నుండును. పది పన్నెండు కిలోమీటర్ల దూరమే గదా. ఇంటికి వచ్చినతోడనే కాళ్లు కడిగి, వ్రేళ్ల సందులు తడి లేకుండ తుడిచి, అద్దము క్రింద పెట్టి అరికాలు చూడుడు. తక్కిన వేళల, ఇంటిలోపల సయితము, మెత్తని రబ్బరు అట్టగల చెప్పులు తొడుగుడు. వేలూరులో స్పర్శ లేని కాళ్ల కొఱకు బ్రాండ్ కాలమున మొదలుపెట్టినట్టివి నేడు మధుమేహులకును దొరకుచున్నవి.

మేనమామ : తెల్లవారుజామునకు ఒప్పుకొంటిని. ఇంటిలో చెప్పులు... మీ అత్తయ్య ఊరకుండదు.

ఈ మాట వినవచ్చి అత్తగారు చేతులు తుడుచుకొనుచు వాకిటి కడకు వచ్చిరి. ఇంత వఱకును ఆమెను గూర్చి నేను వ్రాయకుండుట ఆ వాదమునకు సరిపోయినదే. వాదించిన వారును ఆమెను మఱచియుండిరి. తెల్లవారి నాలుగున్నరకు లేచి, మామకు వేఱుగా ఊదలు, అనగా ఆ సీమవారి కుదిరైవాలి, ఉడికించి, ఉప్పు లేని కూర యొకటి, ఇంటిల్లిపాదికి ఉప్పుగల కూర యొకటి వండి, మాత్రల పెట్టె నింపి, గడియారము చూచి అందించునది ఆమెయే. ఆ పుస్తకములోని ప్రతి అంకె వెనుకను ఆమె పని యున్నది. నియమపాలనము మామది యని లోకము మెచ్చుకొనుచుండెను. ఆ మెప్పులో సగమునకు పైగా మఱియొకరిది.

మేనకోడలు : అత్తయ్యా, ఇట్లు కూర్చుండుడు. ప్రభుత్వమువారు 2021 ఆగస్టులో కృష్ణగిరి జిల్లా సామనపల్లిలో "మక్కళై త్తేడి మరుత్తువం", అనగా జనుల కడకే వచ్చు వైద్యము, మొదలిడిన నాటినుండి మా వారు ఇంటింటికి పోయి పోటును షుగరును చూచి, మాత్రలు చేర్చుచున్నారు. ప్రతి యింటను ఒకటే తీరు. మగవారు ముందు చేయి చాపుదురు. ఇల్లాలు పొయ్యి కడ పని ముగించుకొని, "నాకెందుకమ్మా" అనుచు కడపట వచ్చును, లేదా రాదు. మామయ్యా, ఇరువది యేండ్ల ఈ పుస్తకములలో అత్తయ్య పోటు ఏ పుటలో నున్నది?

మామ బదులు చెప్పలేదు. అత్తగారిని కుర్చీలో వెనుకకు ఆనుకొని కూర్చుండుమనిరి; కాళ్లు నేలకు ఆనునట్లు, మోచేయి గుండె మట్టమున బల్ల మీద నుండునట్లు కోడలు సరిదిద్దినది. అయిదు నిమిషములు ఎవ్వరును మాటాడవలదనెను. ఆ యింటిలో అత్తగారు పనిలేక అయిదు నిమిషములు కూర్చుండుట నేను చూచుట అదియే మొదలు. పట్టీ బిగిసి వదలినది. 160/96. కొంచెము తాళి మఱల చూడగా 156/94.

మేనకోడలు : ఒకనాటి అంకెతో జబ్బని నిర్ణయింపరాదు. ఏడు దినములు, ఉదయము రెండుసార్లు, సాయంకాలము రెండుసార్లు చూచి వ్రాయుడు. ఇంటిలో చూచిన సగటు 135/85 దాటినచో పోటున్నట్లే. పుస్తకము పట్టుకొని డాక్టరు కడకు పోవలెను. అత్తయ్యా, మీరు ప్రొద్దున ఏమి తినుచున్నారు?

అత్త : ఏమున్నది, మిగిలిన చద్దన్నము, ఊరగాయ. రెండు కూరలు వండిన తరువాత నా కొఱకు మూడవది వండుకొందునా? నాకేమియు బాధ లేదమ్మా. తలనొప్పి యైనను రాదు.

మేనకోడలు : దినమునకు మనిషికి అయిదు గ్రాముల ఉప్పు, చెంచాడు, చాలునని ప్రపంచారోగ్య సంస్థ వారి మాట. ఆయన కూరలో తీసివేసిన ఉప్పంతయు మీ ఊరగాయలో చేరుచున్నది. ఇద్దఱికిని ఒకే కూర, కొంచెము ఉప్పుతో, చాలదా? సప్పట్టె మామిడి కాలమున ఆయనకు చిన్న ముక్క యొకటి పెట్టి, ఆ పూట అన్నము కొంత తగ్గించినచో ఆయన రోగము చెడిపోదు; మీకు వేఱు వంట తప్పును.

అత్త : నాకు బాధ లేనిదే ఈ హడావుడి యంతయు నెందులకు?

మేనమామ : నా బొటనవ్రేలి క్రిందను నాకేమియు బాధ లేదు.

అత్తగారు ఆయన వంక చూచిరి. ఆయన పుస్తకపు పుటను నిలువుగా గీత గీసి రెండు భాగములు చేయుచుండిరి.

మేనమామ : రేపటినుండి ఉదయమున నీవు ముందు ఈ కుర్చీలో కూర్చుండవలెను. కాఫీ నేను కాచి తెచ్చెదను.

మేనకోడలు : కాఫీ కొలత అయిన పిమ్మట, మామయ్యా. ముందు త్రాగినచో అంకె హెచ్చును.